చివరి గదిలో నల్ల కిటికీ

ఆ ప్రింటింగ్ ప్రెస్సులో చివరి గది మంచిది కాదని చెప్పుకుంటారు. చీకటి పడ్డాక అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుంటే, పక్క గదిలో మనిషన్నవాడు లేకుండానే యంత్రం తిరుగుతుందట. నేను చూడలేదు... విన్నది చెబుతున్నాను.

కొత్తగా చేరిన ప్రూఫ్‌రీడరమ్మకు ఓ రాత్రి ఆ గదిలోనే పని పడింది. తెల్లారేసరికి కరపత్రాలు సిద్ధంగా లేకపోతే ఉద్యోగం ఊడుతుందని యజమాని ముందే చెప్పాడు. పాపం, భయాన్ని దిగమింగుకుని కూర్చుంది. పగటి ఆపరేటర్ చూపించి వెళ్లిన ఐకాన్ మీద మౌస్ పెట్టి నొక్కింది.

నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది. తెల్లటి అక్షరాలేవో మెరిశాయి... చదివేలోపే టక్కున మూసుకుంది!

మళ్లీ నొక్కింది. మళ్లీ తెరుచుకుంది — లోపలి నుంచి ఎవరో లాగినట్టు మళ్లీ మూసుకుంది. ఈమెకూ పంతం వచ్చింది. అది మూసేకొద్దీ ఈమె నొక్కింది.

అప్పుడు... పక్క గదిలో యంత్రం గుర్రుమంది.

అక్కడ దీపం లేదు. మనిషి లేడు. కాగితాలు మాత్రం — సర్రు... సర్రు... సర్రు...

ఆమె బల్ల కిందికి దూరి ఆపరేటర్‌కు ఫోన్ చేసింది.

"అన్నయ్యా... అదొచ్చింది," అంది గుసగుసగా.

"ఏదొచ్చింది?"

"నల్ల కిటికీ... తెరుచుకోగానే మూసేస్తోంది..."

అతను పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చితల్లీ! అది టెర్మినల్, కంప్యూటర్‌కు పనులు పురమాయించే కిటికీ. రోజూ కమాండ్ టైపు చేయలేక నేనే ఆ షార్ట్‌కట్ పెట్టాను. నొక్కితే కంప్యూటర్లోని లైనక్స్ ఆ కిటికీ తెరిచి, ప్రింటింగ్ పని అప్పగించి, మూసేస్తుంది. కిటికీని తెరిచి ఉంచమని నేను రాయలేదు, అందుకే ఆగదు. ఇక హాయిగా కూర్చో."

పక్క గదిలోని సర్రు... సర్రు... ఫోన్‌లోంచి అతనికీ వినిపించింది.

"చెల్లెమ్మా... ఎన్నిసార్లు నొక్కావు?"

"అది మూసినప్పుడల్లా..."

అతను ఫోన్‌లోనే కేకేశాడు. "ఒక్కో నొక్కుకు వెయ్యి కరపత్రాలమ్మా!"

అతను పడుతూ లేస్తూ వచ్చి ఆపేసరికి కాగితపు చుట్ట మొత్తం అయిపోయింది. కరపత్రాలు గుమ్మం దాటి వరండాలోకి వచ్చేశాయి.

తెల్లారి యజమాని మోకాలిలోతు కాగితాల్లో నిలబడి, "ఎవరి పని ఇది?" అని అరిచాడు.

ఆపరేటర్ నేల చూపులు చూశాడు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం ఎలాగూ పోయేదే కదా అని కళ్లు మూసుకుని నోటికొచ్చింది అనేసింది.

"దెయ్యమండీ..."

యజమాని కోపం ఎటు పోయిందో గానీ, మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నీచేత కూడా అన్నిసార్లు నొక్కించిందా, అమ్మా?"