పక్క గదిలో చప్పుడు

తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ‘బెల్లు కొట్టకండి’ అని పెద్ద అక్షరాలతో రాసి, చాలదన్నట్టు కింద రెండు గీతలు కూడా గీశారు. కంప్యూటర్ మెకానిక్ ఆ కాగితాన్ని చూశాడు, చదివాడు, చదువుతూనే బెల్లు నొక్కేశాడు.

తలుపు తీసిన అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"చదవడం రాదా?"

"వచ్చండి. చదివాకే కొట్టాను."

లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది. ఆమె అతన్ని గుమ్మంలోనే వదిలేసి అటు పరిగెత్తింది. మెకానిక్ నాలుక కరుచుకుని, చెప్పులు విప్పి, బ్యాగు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

ఆ గదిలో ఉన్నది ఆమె తండ్రి. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మెడ తిప్పలేడు. ఎడమ చెయ్యి ఒక్కటే కాస్త కదులుతుంది. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రిని వదిలి వెళ్లలేక ఆమె ఇంట్లోంచే చేసే ఉద్యోగం పట్టుకుంది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో వింటూ టైపు చేయడం ఆ పని. హాల్లో గోడవారగా బల్ల, బల్ల కింద సీపీయూ, ఆ గోడకి అవతల తండ్రి మంచం.

సీపీయూ పొద్దస్తమానం గరగరమంటోందని, నాన్నకి నిద్ర ఉండటం లేదేమోనని ఆమె చెప్పింది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం కావాలట.

మెకానిక్ సీపీయూ డబ్బా విప్పి, ముందువైపు జాలీ ఫిల్టర్ ఊడదీశాడు. దాని మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది.

"దీనికి స్నానం చేయించి ఎన్నాళ్లయింది మేడం?"

"నాకే తీరిక లేదు. ఇక దానికా?"

అతను ఫిల్టర్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి బ్రష్షుతో దులిపాడు. దులిపిన దుమ్మంతా తన ముక్కులోకే వచ్చి, వరసగా తుమ్మాడు. ఆమె నవ్వింది. నవ్వాక చేయకూడని పనేదో చేసినట్టు తండ్రి గదివైపు చూసింది. అతనికి ఆ నవ్వు కన్నా ఆ చూపే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఫిల్టర్‌ని పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయి అది ఫ్యానుకి తగులుతోంది. ఫ్యాను బేరింగు అరిగిపోయింది. పక్క రేకు కూడా వదులై దడదడలాడుతోంది. అతను కొత్త ఫ్యాను వేశాడు, క్లిప్పు మార్చాడు, స్క్రూల కింద రబ్బరు వాషర్లు పెట్టి బిగించాడు. స్విచ్చి వేస్తే, నడుస్తోందని నమ్మించడానికి లైటు చూపించాల్సి వచ్చింది. తన పని చూసి తనే మురిసిపోతూ, పాత ఫ్యానుని బ్యాగులో పడేసుకుని వెళ్లాడు.

వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. మిషన్ ఆగిపోయిందనుకుని ప్లగ్గు పీకేశానని, టైపు చేసిందంతా పోయిందని ఆమె చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. గొంతులో తిట్టే ఓపిక కూడా లేదు. నాన్న రోజంతా మూలుగుతున్నారట. డాక్టరు మందు పెంచినా తగ్గలేదట.

ఈసారి మెకానిక్ తలుపుని గోటితో గీరాడు. లోపలికి వస్తూనే, తన పనికి వంక పెట్టారని కాస్త ఉడుక్కున్నాడు. తను తీసేసిన గోల ఎలాంటిదో ఆమెకి గుర్తు చేయాలనుకుని, పాత ఫ్యాను బయటికి తీసి, బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చాడు. అది గరగరమని బల్లంతా అదరగొట్టింది.

లోపల మూలుగు ఆగింది.

ఇద్దరూ అది గమనించలేదు. అతను తీగ పీకాక మూలుగు మళ్లీ మొదలైనప్పుడు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను మళ్లీ తీగ తగిలించాడు. మూలుగు మళ్లీ ఆగింది. ఆమె వెళ్లి గది గుమ్మంలో నిలబడింది. తండ్రి కళ్లు మూతలు పడుతున్నాయి. మంచం ఊచని బిగించి పట్టుకున్న వేళ్లు సడలుతున్నాయి. ఆమె అలాగే గడప మీద కూలబడిపోయింది.

"చప్పుడు ఆగితే నేను వెళ్లిపోయాననుకున్నారు," అంది. "ఇన్ని రోజులూ ఈ గోడ పక్కనే ఉన్నాను. ఆయనేమో ఇంట్లో తనొక్కరే అనుకున్నారు."

మెకానిక్ బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. డబ్బా విప్పి, కొత్త ఫ్యానుని చల్లదనానికి ఉంచి, పాతదాన్ని చప్పుడు కోసం పక్కన బిగించాడు. విరిగిన క్లిప్పే మళ్లీ పెట్టాడు. కొట్టుకి తిరిగి వెళ్లి ఈ సంగతి చెప్తే, వాళ్ల ఓనరు అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

చప్పుడు తీసేయడం కన్నా దాన్ని నిలబెట్టడం కష్టం. దుమ్ము పేరుకుంటే ఫిల్టర్ బరువెక్కి గరగర కాస్తా గురక అవుతుంది. నూనె ఎక్కువైతే ఫ్యాను నోరు మూసుకుంటుంది. అందుకని మెకానిక్ ప్రతి వారం రావలసి వచ్చింది. అంత తరచుగా రానక్కర్లేదని అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు. అతను వచ్చే రోజున మాత్రం ఆమె జడ కొత్తగా అల్లి ఉండేది.

రేకు వదులు చూడటానికి అతను స్క్రూడ్రైవర్‌తో డబ్బా మీద టకటకమని కొట్టేవాడు. ఒకరోజు లోపల్నుంచి మంచం ఊచ మీద టకటకమని జవాబు వచ్చింది.

"మా నాన్న మిమ్మల్ని పిలుస్తున్నారు," అందామె.

అప్పట్నుంచి అతను పని అయ్యాక లోపలికి వెళ్లి కూర్చునేవాడు. "అంకుల్, ఈ వారం మన ఫ్యాను బాగా పాడింది," అని మొదలుపెట్టి, ఊళ్లో వాళ్ల కంప్యూటర్లలో దొరికిన బల్లులూ బొద్దింకల కథలన్నీ చెప్పేవాడు. ఒకసారి ముసలాయన అతని మణికట్టు పట్టుకుని వదల్లేదు. మందు తెచ్చిన కూతురు అది చూసి, గ్లాసుతో అలాగే వెనక్కి వెళ్లిపోయింది.

ఇంతవరకూ వచ్చాక ఒక రోజు అతను, వీధి చివర కొట్లో టీ తాగి వద్దామన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మిషన్ నడుస్తూనే ఉంటుంది కదా. మీరు ఉన్నట్టే ఉంటుంది," అన్నాడు అతను.

మందుల కొట్టుకి వెళ్లినప్పుడు ఆమె చేస్తున్నదీ అదే. అయినా కాసేపు తటపటాయించి చెప్పులు వేసుకుంది.

టీ చేతికి వచ్చేసరికి వాన పట్టుకుంది. కొట్టు రేకు కింద ఇద్దరికీ సరిపడా చోటు లేదు, కాబట్టి భుజాలు తగిలాయి. ఆమె వాన చూసి ఎన్నాళ్లయిందో చెప్పింది. ఆమె వెళ్దామంటే అతను, "కాస్త తగ్గనివ్వండి," అన్నాడు. అతనికి ఒక మాట చెప్పాలని ఉంది. అది నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. వాన తగ్గింది, మాట మాత్రం బయటికి రాలేదు.

తిరిగి వచ్చేసరికి మిషన్ ఎప్పటిలాగే గరగరమంటోంది. తండ్రి ప్రాణం పోయి ఉంది. ఎడమ చెయ్యి మంచం ఊచ మీద ఉంది.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది.

"పిలిచి ఉంటారు," అంది. తర్వాత అతనివైపు తిరక్కుండానే, "మీరు వెళ్లండి," అంది.

ఆ తర్వాత అతను చేసిన ఫోన్లకి ఆమె పలకలేదు. అతను పనిలో స్క్రూలు పారేసుకుంటుంటే ఓనరు రెండుసార్లు తిట్టి, మూడోసారి తిట్టడం మానేశాడు.

చివరికి ఫోను చేసింది ఆమె కాదు, ఆమె పిన్ని. "అమ్మాయి నిద్రపోవడం లేదు బాబూ. ఆ మిషన్ నడుస్తుంటే చూడలేకపోతోంది, ఆపితే ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. మీరొచ్చి దాని సంగతేదో చూడండి," అంది.

కాగితం ఇంకా తలుపు మీదే ఉంది. పిన్ని తలుపు తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది. హాల్లో ఉన్న అమ్మాయి చిక్కి సగమైంది. ఆ పాత ఫ్యానుని తీసేయమని మాత్రం చెప్పింది. అతను విప్పాడు. ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది.

"రమ్మన్నది నేను," అన్నాడతను, చేతిలో ఫ్యాను పట్టుకుని. "తగ్గనివ్వండి అన్నదీ నేనే. అదంతా మీ ఒక్కరి మీద వేసుకోకండి. ఆ రోజు మీకొక మాట చెప్దామనుకున్నాను. ఇక చెప్పే మొహం లేదు."

"ఏం మాటో తెలుసు," అందామె. "అది విందామనే నేనూ కదల్లేదు."

ఆమె బల్ల మీది హెడ్‌ఫోన్లని పక్కకి జరిపింది. తర్వాత అంది:

"నేను లేకుండా నేనున్నట్టు వినపడే చప్పుడు నాకొద్దు. కానీ ఏ చప్పుడూ లేకపోతే కన్ను మూతపడటం లేదు. పిన్ని రేపు వెళ్లిపోతుంది."

మెకానిక్ పాత ఫ్యానుని బ్యాగులో అడుక్కి పెట్టాడు. తర్వాత ఫిల్టర్ ఊడదీసి, బ్రష్షు తీసుకుని, బల్ల పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"దీని పని ఇంకా ఉంది," అన్నాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"మీరు నిద్ర లేచేదాకా."

ఆమె అతని మొహంలోకి చూసింది. లోపలికి వెళ్లి, తండ్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అతను బ్రష్షుతో జాలీని గీస్తూ, మధ్య మధ్య డబ్బా మీద స్క్రూడ్రైవర్‌తో కొట్టాడు. కాసేపటికి లోపల్నుంచి మంచం ఊచ మీద ఒకసారి టక్కుమంది. అతను జవాబు కొట్టాడు. ఆ తర్వాత లోపల్నుంచి ఏమీ రాలేదు. ఆమె ఊపిరి మాత్రం నెమ్మదిగా, బరువుగా వినిపించింది.

మధ్యాహ్నం దాటింది. పిన్ని వచ్చి గదిలోకి తొంగిచూసి, కళ్లు తుడుచుకుంది. లేచి అన్నం తినమని అతనికి సైగ చేసింది. అతను చేతిలో బ్రష్షు చూపించి తల అడ్డంగా ఊపాడు.

పిన్ని కంచం తెచ్చి అతని ముందు నేల మీదే పెట్టింది.

"తిను నాయనా," అని గుసగుసగా అంది. ఫోన్లో అతన్ని మీరు అన్న మనిషి.

అతను కుడిచేత్తో అన్నం తింటూ, ఎడమచేత్తో ఎప్పుడో శుభ్రమైపోయిన ఆ ఫిల్టర్‌ని గీస్తూనే ఉన్నాడు.