అడ్డమా, నిలువా

మధ్యాహ్నం రెండింటికి నేనూ అక్కా ఫోటోల ల్యాబ్‌కి వెళ్ళాం. మర్నాడే నా ప్రదర్శన. ల్యాబ్ పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఎలుగుబంటి బొమ్మ అడ్డంగా వేయమంటారా, నిలువుగానా?" అని అడిగాడు.

"నిలువేనండీ. తీసిందే నిలువుగా."

"మీరు పంపింది అడ్డంగా ఉంది మరి."

వయసు మీదపడి చూపు ఆనడం లేదేమో అనుకున్నాను.

ఆ బొమ్మ నాకు ఎక్కడలేని పేరూ తెచ్చిపెట్టింది. నాకు అడవి నేర్పిన బావ ప్రాణం పోయింది కూడా ఆ నిమిషంలోనే. కిందటేడు ఒక తెల్లవారుజామున నీటిగుంట దగ్గర ఆకుల చాటున కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. ఎడమవైపు బావ వంగి సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నాడు. కుడివైపు పొదల్లోంచి ఎలుగు వచ్చింది. అది నాలుగు కాళ్ళ మీద ఉన్నంతసేపూ అడ్డం ఫ్రేములో ఇద్దరూ ఉన్నారు. ఉన్నట్టుండి రెండు కాళ్ళ మీద లేచింది. తల నుంచి గోళ్ళ దాకా పట్టాలంటే కెమెరా నిలువుగా తిప్పాలి. తిప్పాను. బావ ఫ్రేములోంచి తప్పిపోయాడు. ఒక్క కేక వేస్తే చాలు... కానీ కేక వేస్తే బొమ్మ పోతుంది. నాలుగుసార్లు నొక్కాను.

"పొదలు అడ్డొచ్చాయక్కా, బావ నాకు కనబడనే లేదు" అని చెప్పాను. అక్క ఏడుస్తూనే నా తల నిమిరింది.

ల్యాబ్‌లో మిషన్ గరగరలాడింది. మొదటి కాగితం బయటికొచ్చింది. అడ్డంగానే. కుడివైపు నా ఎలుగు. ఎడమవైపు నేనెన్నడూ తీయని గడ్డి, నీళ్ళు.

"ఆపండి!" అన్నాను.

పెద్దాయన మీట నొక్కాడు. ఆగలేదు. రెండో కాగితంలో గడ్డి పక్కన వంగిన వీపు. చారల చొక్కా.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

గదిలో రంగుల ఘాటు పోయి, తడిసిన వెంట్రుకల కంపు మొదలైంది. పెద్దాయన ప్లగ్గు లాగేశాడు. మిషన్ మీది దీపం ఆరిపోయింది. రోలర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి... మూడో కాగితం... నెమ్మదిగా...

బావ ఇటు తిరిగాడు. నా వైపు. నోరు తెరిచి ఉంది.

"ఏదో అంటున్నాడురా" అంది అక్క, గుసగుసగా.

"బొమ్మే కదక్కా..."

"పన్నెండేళ్ళు కాపురం చేశాను. ఆ పెదవులు కదిలితే మాటేమిటో నాకు తెలుస్తుంది." కాగితం మీంచి కళ్ళు తీయలేదు. "'అరవరా' అంటున్నాడు. నీకు కనబడుతూనే ఉన్నాడు. కదూ?"

లేదని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు. నా మెడ మీద, వెనక నుంచి, ఏదో వేడిగా ఊపిరి వదిలింది. అరవాలి... ఒంట్లో సత్తువంతా గొంతులోకి తెచ్చుకున్నాను. చిన్న చప్పుడైనా రాలేదు. అక్క నా భుజం మీదుగా దాన్ని చూసింది. భయపడలేదు. చేతిసంచి తగిలించుకుని బయటికి నడిచింది.

పెద్దాయనే నన్ను వీధిలోకి లాక్కొచ్చాడు. వీపు మీద చొక్కా నాలుగు చోట్ల నిలువునా చీలి ఉంది. ఒంటి మీద గీతైనా లేదు.

గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. నాలుగు నెలలుగా నా నోట ఒక్క మాట లేదు. చేసిందంతా ఒప్పుకుంటూ అక్కకి మూడు ఉత్తరాలు రాశాను. విప్పకుండానే తిప్పి పంపింది.

నిన్న పొద్దున అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"రాత్రి ఫోన్ చేసి అంతా నీ నోటితో నువ్వే చెప్పావు. మంచిపని చేశావు. ఆదివారం తెల్లవారేసరికి ఆ నీటిగుంట దగ్గరికి ఒంటరిగా వస్తానన్నావు. మీ బావకి చెప్పాను. మాట తప్పకు."

ఫోన్‌లో వెతికాను. కాల్ నా నంబరు నుంచే వెళ్ళింది. నలభై నిమిషాలు.