తాటాకు కట్టు

ఆ పొద్దున గద్వాల మీదికి మబ్బు దిగివచ్చింది. చినుకు మాత్రం రాల్చలేదు, ఉక్కపోసి చంపింది. అపరాధ పరిశోధకుడు కురుమూర్తి వాకిట్లో అమీరున్నీసా కూలబడింది.

"నా మనిషిని ఉరి తీస్తరంటన్నా! సుత్తె ఆయనదే. కొట్టింది ఆయన గాదు."

ఆమె పెనిమిటి బాబు మియా గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు కడతాడు. పుస్తకాలన్నిటికీ నంబర్లు వేసి వరస పెట్టడానికి పట్నం విశ్వవిద్యాలయం నుంచి వెంకటన్న వచ్చాడు. శనివారం పట్టపగలు గ్రంథాలయం గదిలోనే ఎవరో ఆ సుత్తెతో వెంకటన్న తల పగలగొట్టి చంపారు.

కురుమూర్తి సహాయకుడు యాదయ్య ఆ గదిలో అడుగుపెట్టి గోడ పట్టుకున్నాడు. నెత్తురు దూలం దాకా చిమ్మింది. కొత్త బీరువా, నంబరు చీటీలు, బల్ల, దేన్నీ వదల్లేదు. బల్ల నడుమ పసుపు గుడ్డలో చుట్టి దారంతో కట్టిన తాటాకు గ్రంథం మీద మాత్రం మచ్చ లేదు. కురుమూర్తి విప్పాడు. లోపలి ఆకులు నెత్తురుతో అంటుకుపోయాయి. అంచుల్లో సిరాతో వేసిన కొత్త నంబర్లు.

"ముడి చూసినవా యాదీ?"

"కొసలు కిందికి దోపిండ్రు సారూ."

"మనసుల పెట్టుకో."

మర్నాడు అదే గదికి అందర్నీ పిలిపించాడు. ఠాణా అధికారి అమీన్, బాబు మియాను బేడీలతో తెచ్చాడు. ఠాణాలో పడ్డ దెబ్బలకు మొహం వాచింది, వేళ్లు విరిగాయి. గ్రంథాలయంలో తాటాకు గ్రంథాలను కాపాడే ముసలి అనంతయ్య బల్ల పక్కన కూర్చున్నాడు. బల్ల మీద కురుమూర్తి విడదీసిన ఆ ఆకులు చెదిరి ఉన్నాయి.

"శనివారం యాడున్నవు తాతా?"

"బీచుపల్లి గుడికి పోయిన. ఒచ్చేసరికి అమీన్ సాబ్ తాళమేసిండు. గీ గదిలకు ఇప్పుడే ఒస్తున్న."

అంటూనే ఆయన చేతులు ఆకులు సర్దాయి, దారం చుట్టాయి, కొసలు కిందికి దోపాయి.

యాదయ్య కురుమూర్తి వైపు చూశాడు.

"ఆ ముడి ఎవరు నేర్పిండ్రు?" కురుమూర్తి అడిగాడు.

"నా తండ్రి. ఇంకెవనికి రాదు."

కురుమూర్తి అమీన్ వైపు తిరిగాడు. "నెత్తురు ఆకుల మీదుంది, గుడ్డ మీద లేదు. అంటే చంపినంక కట్టిండ్రు. పారిపొయ్యేటోడు తాటాకు కట్టుకుంట కూసోడు సాబ్. ఆకును విప్పినట్లే వదలలేనోడే కూసుంటడు. బల్ల మీది సుత్తె ఎవనికైన అందుతది. ఆ దినం గదిలకే రానోని ముడి దీనికెట్ల పడ్డది తాతా?"

అనంతయ్య తన చేతుల్ని చూసుకున్నాడు.

"నా తాత రాసిన ఆకు. ఆ వెంకటన్న సిరాతోటి నంబరేసిండు. ఒద్దన్న, కాళ్లు మొక్కిన. నవ్విండు. ఎన్ని దెబ్బలేసిన్నో తెల్వదు."

"ఎవరడిగినా దొరకాలనే గద ఆ నంబరు," అన్నాడు కురుమూర్తి.

అమీన్ బాబు మియా బేడీలు తీసి అనంతయ్యకు వేశాడు.

మధ్యాహ్నం అమీరున్నీసా తన ఇంట్లో ముగ్గురికీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. బాబు మియా రొట్టె తుంచబోయాడు. వేళ్లు వంగలేదు. కురుమూర్తి తన పళ్లెంలో రొట్టె తుంచి, ముక్కలు అతని ముందు పెట్టాడు. అమీరున్నీసా ఒక్కొక్కటే అతని నోటికి అందించింది. ఆ వేళ్ల వంక చూడకుండా యాదయ్య తలవంచి తిన్నాడు.