ఖాళీ కాని ఎత్తు

పొగమంచు గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గుంటూరులో ఫిజిక్సు చదువుకునే రోజుల్లో మంచంటే ధనుర్మాసంలో గడ్డిపోచ మీద నిలిచే చుక్కే. ఢిల్లీ మంచు అది కాదు. దీనికి వాసన ఉంటుంది. కాలిన గడ్డి, డీజిలు, తడిసిన గోనెపట్టా... మూడూ కలిసిన వాసన. అది లోపలికి రాకుండా మా ఆవిడ అన్నపూర్ణేశ్వరి ఏటా చలికాలం కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతుంది. ఈసారి తన ఆకుపచ్చ వెంకటగిరి చీర చింపింది. నా మొదటి జీతంతో కొన్న చీర అది. "చిరిగిపోయాక జ్ఞాపకమేంటండీ, గుడ్డముక్కేగా" అంది. ఆ మాటకి రెండు రోజులు నేను అలిగాను. ఆవిడ గమనించలేదు.

నేను చెప్పబోయే రోజున ఆవిడ ఫరీదాబాద్‌లో మా అమ్మాయి దగ్గరుంది. అదే మంచిదైందనుకున్నాను.

మాది ద్వారకలో ఏడో అంతస్తు. విమానాలు మా నెత్తిమీదుగానే దిగుతాయి. కొత్తలో గూట్లో గ్లాసులు గలగలమనేవి. ఇప్పుడు ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వస్తుంది.

రెండో అంతస్తులో పృథ్వీరాజ్ ఉంటాడు. విశాఖపట్నం కుర్రాడు, ఎయిర్‌పోర్టులో విమానాలకి దారి చెప్పే కంట్రోలరు. నెల కిందట అతన్ని డ్యూటీలోంచి తప్పించారు. ఎందుకో చెప్పాలంటే ముందు వాళ్ళ పని సంగతి కొంచెం చెప్పాలి. మంచు పట్టిన రోజు విమానాలు వెంటనే దిగలేవు. ఒకదాని మీద ఒకటి, వెయ్యేసి అడుగుల ఎడంతో, చక్కర్లు కొడుతుంటాయి. అద్దె గదులున్న మేడ అనుకోండి. కిందివాడు దిగుతూ "నా ఎత్తు ఖాళీ చేశాను" అని నోటితో చెప్పాలి. అప్పుడే ఆ ఎత్తు పైవాడికివ్వాలి. కిందివాడు చెప్పకముందే పృథ్వీ ఇచ్చేశాడు. ఎలాగూ వెళ్ళేవాడే కదా అని.

రెండు విమానాలూ ఎంత దగ్గరగా పోయాయంటే, అవతలిదాని కిటికీల్లో చదువుకునే దీపాలు కనిపించాయని ఒక పైలట్ చెప్పాడట. ఎవరూ చావలేదు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. ఆ గందరగోళంలో రేడియోలో మూడో గొంతు ఒకటి పిలిచింది. "ఢిల్లీ, మేమూ ఇదే ఎత్తులో ఉన్నాం. మాకెక్కడ ఖాళీ?" అంది. చేతినిండా పనున్నప్పుడు ఎవరేమడిగినా "స్టాండ్ బై" అనడం, అంటే ఆగమనడం, వాళ్ళకి అలవాటు. పృథ్వీ ఆ మాటే అన్నాడు. విచారణలో టేపు పెట్టి విన్నారు. అందులో మూడో గొంతు లేదు. పృథ్వీ మాత్రం ఎవరితోనో స్టాండ్ బై అంటున్నాడు.

మా ఆవిడ ఇంట్లో లేని ఆ రోజు పొద్దున్న పృథ్వీ భార్య రేవతి వైజాగ్ నుంచి ఫోన్ చేసింది.

"అంకుల్, ఈయన ఫోనెత్తడం లేదు. తిండి మానేసి ఇంటర్‌కమ్ దగ్గరే కూర్చుంటున్నారంట, పనిచేసే దీదీ చెప్పింది. నేను ఫ్లైటెక్కుతున్నాను. వచ్చేదాకా కాస్త..."

"నేను చూసుకుంటాలేమ్మా."

మిట్టమధ్యాహ్నం కిందికి వెళ్ళాను. అప్పటికీ మెట్ల మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పృథ్వీ తలుపు పక్కన, ఇంటర్‌కమ్ కింద, నేలమీద కూర్చునున్నాడు.

"రండంకుల్. పేకముక్కలు తెచ్చారా?"

"నీ మొహానికి పేకముక్కలు కాదు, మంగలిని తేవాల్సింది."

నవ్వాడు. అంతలోనే వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "మెల్లగా... వింటాడు."

"ఎవరు?"

"నేను ఆగమన్నవాడు."

ఇంటర్‌కమ్ మోగింది. గేటు దగ్గర గార్డనుకుని నేనే ఎత్తాను. కొరియర్ వస్తే "సర్, భేజ్ దూఁ?" అంటాడు వాడు, పైకి పంపనా అని. ఆ మాట రాలేదు. గాలి హోరు వినిపించింది. హోరు వెనక ఊపిరి... ఒకరిది కాదు. చాలామందిది. రిసీవర్లోంచి కిరసనాయిలు వాసన.

తర్వాత మర్యాదగా, అలసటగా ఒక గొంతు. మాట్లాడింది ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఢిల్లీ... ఇంకా ఆగమంటారా? మా ఇంధనం ఎప్పుడో అయిపోయింది."

పృథ్వీ రిసీవరు లాక్కున్నాడు. "స్టాండ్ బై."

లైను తెగింది.

నేనూ అతని పక్కనే నేలమీద కూర్చున్నాను. పృథ్వీ తన ఫోన్ చూపించాడు. తెరమీద రేవతి విమానం, మంచు పైన చిన్న బొమ్మలా తిరుగుతోంది.

"ఇన్నాళ్ళూ ఆగాడంకుల్. ఈ రోజు ఎత్తు కావాలంటున్నాడు. రేవతి ఉన్న ఎత్తు."

మళ్ళీ మోగింది. ఈసారి అతను రిసీవరు మా ఇద్దరి చెవుల మధ్యా పట్టుకున్నాడు.

"ఢిల్లీ, మా కింద ఒకటి కనిపిస్తోంది. కిటికీల్లో దీపాలున్నాయి. ఒకావిడ ఒళ్ళో స్వీటు డబ్బా పెట్టుకుని కూర్చుంది... అక్కడికి దిగమంటారా?"

పృథ్వీ నా వైపు చూశాడు. ఇల్లు మారేటప్పుడు పాత సామాను వైపు చూస్తామే, ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అని... అలా.

"అంకుల్, మీది ఏడో ఫ్లోరు కదా?"

"అవును."

"ఆంటీ లేరు కదా?"

"ఫరీదాబాద్‌లో ఉంది." ఇంటి సంగతులు అడుగుతున్నాడు, దారిలోకొస్తున్నాడనుకుని సంతోషించాను కూడా.

"మీకు ఎన్నేళ్ళుంటాయి?"

"డెబ్భై దాటి చాలా అయింది."

"అచ్ఛా" అన్నాడు.

రిసీవరు నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు మారిపోయింది. తొణుకూ లేదు, బెణుకూ లేదు. డ్యూటీలో మాట్లాడే గొంతు కాబోలు.

"ఏడు ఖాళీ అయింది. ఏడుకి దిగండి."

అవతలి గొంతు, వాళ్ళ పద్ధతి ప్రకారం, ఆ మాటే తిరిగి అప్పజెప్పింది. "ఏడు ఖాళీ అయింది. దిగుతున్నాం. థాంక్యూ సర్."

"ఒరేయ్" అన్నాను. "నేనింకా ఖాళీ చెయ్యలేదురా."

పృథ్వీ కళ్ళు తుడుచుకుని అక్కడే చాప మీద పడుకున్నాడు.

"ఎలాగూ వెళ్ళేవారే కదా అంకుల్" అని అటు తిరిగి నిద్రపోయాడు.

రేవతి క్షేమంగా దిగింది. సాయంత్రం మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చెప్పారో గానీ అంకుల్, పసిపిల్లాడిలా నిద్రపోతున్నారు. మీ మేలు మర్చిపోలేను." డబ్బా నా చేతిలో పెట్టి, నా భుజం మీంచి లోపలికి తొంగిచూసింది. "చుట్టాలొచ్చారా? చాలామంది ఉన్నట్టున్నారే."

"టీవీ అమ్మా."

టీవీ వెయ్యలేదు.

అన్నపూర్ణకి ఫోన్ చేశాను. రావద్దు, గాలి బాగాలేదన్నాను. "నేను లేకపోతే మీకు కాఫీ కలుపుకోవడం కూడా రాదు. పొద్దున్నే మెట్రో ఎక్కేస్తా" అంది. మూడుసార్లు గట్టిగా అరిచి చెప్పాను, రావద్దని. "స్వెటరు వేసుకోండి" అని పెట్టేసింది.

ఆ రాత్రి చీకట్లో బాల్కనీ అవతల, సరిగ్గా రెయిలింగు ఎత్తున, వరసగా చిన్న చిన్న దీపాలు వచ్చి నిలిచాయి. చప్పుడు లేదు. ఒక్కో దీపం కింద ఒక్కో కిటికీ, ఒక్కో వంచిన తల. వరసలో ఒక్క కిటికీ చీకటిగా ఉంది. అది నా మంచానికి ఎదురుగా. నాకోసమే అనుకున్నాను. కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ దాన్నే చూశాను. మనిషికి ఎంత ఆశో చూడండి, తెల్లారేసరికి అది ఇంకా చీకటిగానే ఉందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పొద్దున్న ఫరీదాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ చీకటితోనే బయల్దేరింది నాన్నా, చేరిందా?"

చేరలేదు. ఫోను కలవడం లేదు. మధ్యాహ్నం అయింది. మంచు విడలేదు.

ఇప్పుడే తలెత్తి చూశాను. ఆ చీకటి కిటికీలో దీపం వెలిగింది. తల ఎవరిదో మంచులో తెలియడం లేదు. కిటికీ సందులో మాత్రం, చలి రాకుండా, ఎవరో లోపలినుంచి గుడ్డముక్క కుక్కుతున్నారు... ఆకుపచ్చది.