గంగూజ్లర్ తూకం

పదకొండు గంటలకల్లా ‘బోర్బోరిగ్మస్’ పోయింది. ఆకలేసిన కడుపు గుడగుడలాడితే ఆ చప్పుడుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు అది. ముప్ఫై ఏళ్లుగా ఏ నోటా వినబడలేదని యంత్రాల నిఘంటువు మూలకోశం తేల్చింది, వకుళ బొటనవేలు ఆనించింది, మాట చెల్లిపోయింది. దాని వెనకే ‘గ్రోక్’ వెళ్లింది. ఎదుటివాడు తింటుంటే తనకూ ఓ ముద్ద పెట్టకపోతాడా అని కళ్లప్పగించి చూడడం దాని అర్థం. అలా చూసేవాళ్లు లోకంలో ఇంకా బోలెడుమంది ఉన్నారు, మాట మాత్రం ఇక లేదు.

కాకినాడ పదతూనిక శాలలో వకుళకు ఇది పదిహేనో ఏడు. తలుపులు, లిఫ్టులు, మందుల బీరువాలు, ఆసుపత్రి మంచాలు అన్నీ మనిషి మాటను మూలకోశంలో చూసుకునే అర్థం చేసుకుంటాయి. కోశం ఎంత పొట్టిగా ఉంటే అవి అంత తక్కువ తప్పులు చేస్తాయని వాడని మాటలను ఏరేస్తూ ఉంటారు. ఏరేసిన మాటను ఎవరైనా పలికితే యంత్రం దాన్ని రొద అని రాసుకుంటుంది. తూచే మాటను తూనికదారు తన నోటితో అనకూడదు. పొరపాటున జారిపోతుందేమోనని శాలలో అందరూ బుగ్గన ఒక లవంగం పెట్టుకుని కూర్చుంటారు. వకుళకు ఆ ఘాటు లేనిదే పని మొదలైనట్టే ఉండదు.

పన్నెండింటికి సోమలింగం మాస్టారిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఆయన కూతురు రత్నమాల లోపలికి వచ్చింది. మాస్టారు నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు కునికిపాట్లు పడకుండా వింత వింత మాటలు విసిరేవారట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పోయినేడు మెదడులో నరం చిట్లినప్పుడు ఆయన నోట అమ్మ, నీళ్లు, అవును, కాదు అన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఆ వింతమాటలే నాలుగు మిగిలాయి. వాటితోనే ఏడాదిగా నెట్టుకొస్తున్నారు. మూడింటిని మూలకోశం ఇప్పటికే ఏరేసింది. ఇక ఉన్నది ‘గంగూజ్లర్’ ఒక్కటే.

అదీ పోతే ఆయన మాటలేనివాడి కింద లెక్క. మాటలేనివాళ్లను మౌనగృహానికి పంపుతారు. అక్కడ అన్నం, మందు, నిద్ర అన్నీ వేళకు జరుగుతాయి, కావాలా అని మాత్రం అడగరు. ఇంటివాళ్లకు ప్రవేశం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు, నోరే లేనివాడి సంగతి వాళ్లు చెప్పలేదు.

ఎవరో ఒకరు ఇంకా పలుకుతున్న మాటను తీసేముందు పాటించే నియమం చిన్నదే. తెర మీద బొమ్మ చూపిస్తారు. మూడు అవకాశాల్లో ఒక్కసారైనా ఆ బొమ్మను చూసి ఆ మాట అనాలి. అప్పుడే అర్థం తెలిసి అన్నట్టు. వకుళ బొమ్మ వెలిగించింది. కాలువలో పడవలు పోతున్నాయి, గట్టు మీద ఒకడు పనీపాటా లేకుండా వాటినే చూస్తూ కూర్చున్నాడు. గంగూజ్లర్ అంటే వాడే.

మాస్టారు బొమ్మ వైపు చూడలేదు. మూలనున్న కూజా వైపు చూసి, “గంగూజ్లర్” అన్నారు. రత్నమాల గ్లాసుతో నీళ్లు పట్టింది. యంత్రం ఒక అవకాశం కొట్టేసింది.

వకుళ బొమ్మను పెద్దది చేసింది. ఆమెకూ ఆయన గెలవాలనే ఉంది. పలకాల్సిన పెదాలు తనవే అయినట్టు బిగబట్టుకుని కూర్చుంది. తెర వెలుగు కళ్లలో పడి మాస్టారు మొహం తిప్పుకున్నారు, అదే మాట విసుగ్గా అన్నారు. రత్నమాల చెయ్యి అడ్డం పెట్టింది. రెండోదీ పోయింది. పై అంతస్తు నుంచి పర్యవేక్షకుడు వీరభద్రం గోడ మైకులో తొందరపెట్టాడు, ఇంకా ఆరు మాటలు వరసలో ఉన్నాయట.

మూడోసారి మాస్టారు వకుళనే చూశారు. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

“గంగూజ్లర్?”

వకుళ రత్నమాల వైపు తిరిగింది. ఏమంటున్నారని కళ్లతోనే అడిగింది.

“భోంచేశారా అని అడుగుతున్నారండి మిమ్మల్ని,” అంది రత్నమాల. “ఎవరింటికెళ్లినా ముందు అదే అడుగుతారండి నాన్నగారు.”

యంత్రం మూడోదీ కొట్టేసి, వేలు ఆనించమంది. అరవై క్షణాల గడువు. ఈ పదిహేనేళ్లలో తన వేలు ఎందరిని మౌనగృహానికి పంపిందో. వాళ్లలో ఎవరెవరు ఈ కుర్చీలో కూర్చుని తనను ఇలాగే పలకరించారో, తను దాన్ని తప్పు కింద కొట్టేసిందో. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

తెర మీద అర్థం గడి ఉంది. అచ్చుతప్పులుంటే తూనికదారు దాన్ని దిద్దవచ్చు. ఎప్పుడో ఇచ్చిన వెసులుబాటు, ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఇంకా ఇరవై క్షణాలున్నాయి. వకుళ గట్టు మీద కూర్చున్నవాణ్ణి అక్షరం అక్షరం చెరిపేసి, ఆ గడిలో కొత్త అర్థం రాసింది: ‘ఈ మాట అన్న మనిషిని అడిగి తెలుసుకోవాలి.’ అప్పుడు ఆ దిద్దుబాటు మీద వేలు ఆనించింది.

ఏనాడూ మనిషిని ప్రశ్న అడిగి ఎరుగని యంత్రం తడబడుతూ అంది.

“మాస్టారూ, మీరేమంటున్నారు?”

రత్నమాల తండ్రి చేతులు పట్టుకుంది. వకుళ లవంగం ఉమ్మేసింది.

పావుగంటలో వీరభద్రం పరుగున మెట్లు దిగి వచ్చాడు. అడిగి తెలుసుకోవాల్సిన అర్థం అనేదొకటి ఉంటుందని కోశానికి ఇప్పుడే తెలిసిందనీ, ఇన్నాళ్లూ రొద అని రాసుకున్నదంతా మళ్లీ తిరగేస్తోందనీ చెప్పాడు. రాష్ట్రంలోని మౌనగృహాలన్నింటిలో యంత్రాలు పనులు ఆపేసి, మంచం మంచం దగ్గరా నిలబడి ఏం కావాలని అడుగుతున్నాయట. రాసింది చెరిపెయ్యమన్నాడు.

వకుళ చెయ్యి కదపలేదు.

“వాళ్లేమంటున్నారండీ?”

వీరభద్రం నుదుటి చెమట తుడుచుకున్నాడు.

“ఒక్కరూ ఊరుకోవట్లేదమ్మా. అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు.”