సరైన చక్రం దొరికేదాకా

"ఇది సరిపోదండీ," అన్నాడు వాచీలు బాగుచేసే అతను, తలెత్తకుండానే.

పళ్ళ డాక్టరుకి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం క్లినిక్ మూసేసి మరీ వచ్చిందామె. ఆన్‌లైన్‌లో వెతికి వెతికి తెప్పించిన బ్యాలెన్స్ వీలు అది. వాచీ లోపల అటూ ఇటూ ఊగుతుండే బుల్లి చక్రం. ఈయనగారేమో ఒంటికంటి భూతద్దంలోంచి అర క్షణం చూసి తీర్పు చెప్పేశాడు.

"సరిగ్గా చూడనేలేదు మీరు! డబ్బా మీద మా తాతయ్య వాచీ పేరే ఉంది."

"పేరు అదేనండీ. ఆ కంపెనీవాళ్ళు ఒకే పేరుతో, ఒకే మొహంతో మూడు రకాల మిషన్లు చేశారు. మీది ఏ రకమో ఇక్కడుంటుంది." వాచీ వెనక మూత తీసి, పట్టకారు మొనతో చూపించాడు. చక్రం ఉండాల్సిన చోట, అడుగున, చీమ కాళ్ళంత అంకెలు. "మీరు తెచ్చింది దీని తమ్ముడిది. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఇరుసు పొడవులో తేడా. బిగిస్తే రెండ్రోజులు తిరుగుతుంది, ఆ తర్వాత మీరొచ్చి నన్ను తిడతారు."

"అంతదాకా ఆగేలా లేను."

"కీ ఇచ్చే క్రౌన్ కూడా దీనిది కాదు. ఎవరో చేతికి దొరికింది తగిలించేశారు."

"క్రౌన్ల గురించి నాకు చెప్పకండి. నేను రోజూ పెడుతూనే ఉంటాను."

అప్పుడు తలెత్తాడు. భూతద్దం తీయడం మరిచిపోవడం వల్ల ఆమె ఒక కంటికి మసగ్గా, ఇంకో కంటికి స్పష్టంగా కనబడింది. దెబ్బ తగిలింది రెండో కంటికే.

"మీరూ వాచీలేనా?"

"పళ్ళు."

ముందు కౌంటర్లో స్ట్రాపులు అమ్మే అతని అక్క పక్కున నవ్వింది.

ఇంటికి వెళ్ళేసరికి తాతయ్య గుమ్మం వైపే చూస్తున్నారు. "ఏమన్నాడే ఆ వాచ్‌మన్?"

"వాచ్‌మన్ కాదు తాతయ్యా, వాచీలు బాగుచేసే ఆయన. సరైన చక్రం దొరకాలట."

తాతయ్య నీరుగారిపోయారు. పొద్దున్నే లేచి వాచీకి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, బూట్లు తొడుక్కుని నడకకి వెళ్ళడం ఆయన అలవాటు. వాచీ ఆగిన రోజునుంచీ నడకా ఆగిపోయింది. కుర్చీలో కూలబడి అమ్మమ్మని టైమడగడమొక్కటే మిగిలింది.

"ఫోన్లో చూసుకోరాదూ?" అంది అమ్మమ్మ విసుగ్గా.

"దానికి కీ ఎక్కడివ్వాలో చూపించు, చూసుకుంటాను."

"గోడకి గడియారముంది. అయినా నన్నే అడుగుతారు." అమ్మమ్మ మనవరాలి గడ్డం పట్టుకుంది. "త్వరగా బాగుచేయించవే తల్లీ. నా ప్రాణం తోడేస్తున్నారు."

రెండో చక్రం పట్టుకెళ్ళింది. సరిపోలేదు. మూడోది తీసుకెళ్ళింది. అదీ అంతే. పనిలో పనిగా అతను ఆమెకి టీ తెప్పించడం, ఆమె అతని పక్కనున్న స్టూలు మీద కూర్చుని విప్పిన వాచీల్లోకి తొంగిచూడడం మొదలైంది. ఆ స్టూలు మీద ఇంకెవరు కూర్చోబోయినా, "కాలు విరిగిందండీ" అనేవాడతను. దాని కాళ్ళు మూడూ నిక్షేపంగా ఉన్నాయి.

ఒకరోజు అతనే ఫోన్ చేశాడు.

"ఆదివారం పాతసామాన్ల సంతకి వెళ్తున్నానండీ. మీ వాచీ లాంటిది చెడిపోయింది దొరికితే..."

"నోరు బాగా తెరవండి."

"ఎందుకండీ?"

"ఇంకా పెద్దగా! ఆ... అలాగే ఉంచండి."

అతను నిజంగానే తెరిచి ఉంచాడు. అక్క చూసి, "ఏరా, ఈగలు పడుతున్నావా?" అంది.

"మిమ్మల్ని కాదు, పేషెంటుని!" అవతల్నుంచి నవ్వు. "ఆదివారం నేనూ వస్తాను."

ఆదివారం సంతలో వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. విరిగిన రేడియోలు, పిడిలేని గరిటెలు దాటుకుంటూ వెళ్తే, ఒక దుకాణంలో తుప్పు పట్టిన మేకుల కింద దొరికిందది. అద్దం లేదు, ముళ్ళు లేవు, డయల్ మీద బూజు. అతను గొడుగు ఆమె చేతిలో పెట్టి, వంగి, వెనక మూత తెరిచాడు. అంకెలు చదవడానికి ఇద్దరూ ఒకేసారి ముందుకి వంగారు. తలలు ఢీకొన్నాయి.

"అదే నంబరు!" అందామె నుదురు రుద్దుకుంటూ.

"క్రౌన్ కూడా అసలుదే!" అన్నాడతను. అతను నుదురు రుద్దుకోలేదు. అక్కడ చెయ్యి పెట్టి అలాగే ఉంచుకున్నాడు. గొడుగు ఎప్పుడో పక్కకి ఒరిగింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

వారం తర్వాత ఆమె ఫోన్ చేస్తే, "అదీ సరిపోలేదండీ," అన్నాడు. గొంతు కాస్త వణికింది. పాపం, బాధపడుతున్నాడనుకుంది.

మర్నాడు స్వయంగా షాపుకి వెళ్ళింది. అతను లేడు.

"మీ తాతగారి వాచీయా?" అంది అక్క సొరుగు తెరుస్తూ. "భలే నడుస్తోందమ్మా! మావాడు రోజూ పొద్దున్నే కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని మరీ వింటున్నాడు."

వాచీ టిక్కుటిక్కుమంటోంది. ఆమె ముఖం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే అతను టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. వాచీనీ ఆమెనీ చూసి కొయ్యబారిపోయాడు.

"మా తాతయ్య కుర్చీలోంచి లేవడం లేదు. తెలుసా మీకు?" అంది మెల్లగా. అరిచినా అంత భయమేసేది కాదు. "ఆయనకి మీరే చెప్పుకోండి." వాచీ సొరుగులోనే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, తాతయ్య ముందు నిలబడి, రెండు చేతులా వాచీ అందించాడు. తాతయ్య చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

"ఇది ఎప్పుడో బాగైంది తాతగారూ," అన్నాడతను. "నేనే ఇవ్వలేదు. సరిపోలేదని అబద్ధం చెప్పాను."

"ఎందుకని?"

"ఇచ్చేస్తే... మీ మనవరాలుగారు మళ్ళీ షాపుకి రారేమోనని. అప్పుడు మీ గురించి ఆలోచించలేదు. తప్పయిపోయింది."

అమ్మమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఈయన టైమెంతా టైమెంతా అని నన్ను తినేస్తుంటే, నువ్వు సొరుగులో దాచుకు కూర్చున్నావా నాయనా!"

"ఆయన్నొక్కణ్ణే అనకు అమ్మమ్మా." ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. "మూడో చక్రం సరిపోదని నాకు ముందే తెలుసు. నంబరు చూసే కొన్నాను."

అతను తెల్లబోయాడు. "తెలిసీ తెచ్చారా?"

"రెండోదానికి కూడా కొంచెం అనుమానం ఉండేది."

"హవ్వ!" అంది అమ్మమ్మ. "ఇద్దరూ కలిసే నన్ను చంపారన్నమాట!"

తాతయ్యకి నవ్వాగలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "బూట్లెక్కడున్నాయే? పద, నువ్వూ రా నడకకి. ఈ అబ్బాయి అమ్మానాన్నలతో ఏం మాట్లాడాలో దారిలో ఆలోచించుకుందాం."

"ఈ వేళప్పుడా? టైమెంతయిందో తెలుసా?" అంది అమ్మమ్మ.

"తెలుసు," అన్నారాయన దర్జాగా మణికట్టు చూసుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక అతను గోడలు చూశాడు. ఆమె అతన్ని చూసింది.

"ఇంకా కోపంగా ఉందా?" అన్నాడు చివరికి.

"ఉంది. రేపు సాయంత్రం క్లినిక్‌కి రండి. ఎడమవైపు పైన ఒక పన్ను పుచ్చింది మీకు. నవ్వినప్పుడు చూశాను."

"నొప్పి లేదండీ."

"ఉందో లేదో నేను చూసి చెబుతాను."

అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా నవ్వాడు.

"ఎన్నిసార్లు రావాల్సి ఉంటుందండీ?"

ఆమె దగ్గరికొచ్చి, అతని గడ్డం కాస్త పైకెత్తి, దీక్షగా పరీక్షించింది.

"చాలాసార్లు," అంది.