కీచురాళ్ళు ఆగలేదు

మా ఆయన రామ్‌దాస్‌కు చేపల పిచ్చి. వారమంతా బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఆటో నడుపుతాడు. ఆదివారం వస్తే గాలం పట్టుకుని కాలువ గట్టున కూర్చుంటాడు. ఇంతా చేసి తెచ్చేది అరచేతిలో పట్టే జిలేబి చేపలు. వాటి పొలుసు తీసేసరికి నా నడుము విరుగుతుంది. మార్కెట్లో కొంటే పోయేదానికి ఇంత హంగామా ఎందుకని సణుగుతాను. కానీ వేయించి పెడితే మా నిఖిత ముళ్ళతో సహా నమిలేస్తుంటే ముచ్చటేస్తుంది. దానికి ఆరేళ్ళు. తండ్రి చేయి మీద తల పెడితే తప్ప నిద్రపోదు.

జిలేబీలకు వానపాములు పనికిరావు, కీచురాళ్ళే కావాలంటాడు ఆయన. గాలానికి గుచ్చినా కాళ్ళాడించేవి కావాలి. అందుకే శనివారం పొద్దుగూకే వేళకు ఇద్దరం చెరుకు తోటల వెంట బయలుదేరతాం. నేను లేనిదే ఆయనకు ఈ వేట సాగదు. ఆటో హారన్లు వినీ వినీ చెవులు మొద్దుబారాయి, ఏ పురుగు ఎక్కడ అరుస్తుందో అంతుబట్టదు. నేను గట్టు మీద నిలబడి చెప్తాను. ఆయన లోపలికి పోయి పడతాడు.

ఇందులో ఒక కిటుకుంది. మనిషి అడుగు పడితే కీచురాళ్ళు నోరు మూస్తాయి. దాటిపోయాక మళ్ళీ మొదలుపెడతాయి. కాబట్టి చెరుకులో ఆయన కనబడకపోయినా ఎక్కడున్నాడో నాకు తెలుస్తుంది. చుట్టూ రొద ఉంటుంది, ఆయన ఉన్నచోట మాత్రం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కదిలితే ఆయన కదిలినట్టు.

పట్టినవాటిని మూతకు చిల్లులు పొడిచిన నీళ్ళ సీసాలో వేస్తాడు. మూత తీసే ముందు గోటితో దాని మీద రెండుసార్లు కొడతాడు, టక్ టక్ అని. పైకి పాకినవి కిందికి రాలిపోతాయి. సీసాలో పడ్డ కీచురాయి మరి అరవదు. నేనెప్పుడూ వినలేదు.

దీపావళి పోయి చలి మొదలైన రోజులు. ఎడపల్లి దారిలో ఒక తోటలో చెరుకు కొడుతున్నారని తెలిసి పోయాం. తోటంతా కోసేశారు. చివరన ఒక్క పట్టె మాత్రం నిలబడి ఉంది, మా వాకిలికంటే పెద్ద వెడల్పేం లేదు. దాని మొదట్లో పసుపూ కుంకుమా, ఒక కొబ్బరిచిప్ప. అవతల గుడిసెల ముందు మరాఠీ కూలీలు జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. కోసిన చెరుకు రసం పులిసిన వాసన, పొయ్యి పొగ వాసన కలిసి వస్తున్నాయి.

మా సీసా చూసి ముఠాలో పెద్దామె లేచి వచ్చింది. రాధాబాయి అంటారు ఆమెను.

"ఆజ్ నకో, భావూ. రేపు పొద్దున మేము కోసినంక పట్టుకో. ఇయ్యాల గది మాది గూడ కాదు."

తోట కోస్తూ వస్తుంటే అందులో బతికేవన్నీ జరిగి జరిగి ఈ ఆఖరి పట్టెలోకి చేరతాయట. ఎలుకలు, పాములు, పందులు, ఇంకా ఏవున్నాయో అవీ. అవి వెళ్ళిపోవడానికి ఒక రాత్రి వదలాలి. ఆ రాత్రి అందులో ఎవరూ కాలు పెట్టకూడదు. అది వాళ్ళ పద్ధతి.

ఆమె పొయ్యి దగ్గరికి పోగానే మా ఆయన నా వైపు తిరిగి కన్ను గీటాడు.

"తోటల ఉన్నయన్ని గీడికే చేరినయంటే, కీచురాళ్ళు గూడ గీన్నే ఉన్నట్టు గదనే!"

"ఆమె వద్దన్నది గదా. ఇంటికి పోదాం పా."

"ఇంక పొద్దే పోలే. గిట్ల పోయి గట్లొస్త."

దొరికిందే సందని దూరాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా అలవాటు కొద్దీ గట్టెక్కి చెవులు రిక్కించాను.

అబ్బ, ఏం రొద! అంత చిన్న పట్టెలో తోటంతటి కీచురాళ్ళూ ఒక్కసారే అరుస్తుంటే పళ్ళు జివ్వుమన్నాయి. ఆయన దూరినచోట నిశ్శబ్దం పడింది. మెల్లగా నడిచింది. టక్ టక్... టక్ టక్... సీసా చప్పుడు వినబడుతూనే ఉంది. సెల్‌ఫోన్ లైటు ఆకుల సందుల్లో మెరుస్తోంది.

అప్పుడు అవతలి కొస నుంచి ఇంకో నిశ్శబ్దం బయలుదేరింది.

ఏ పందో అనుకున్నాను. పందైతే ఆకులు విరుగుతాయి, గురక వినబడుతుంది. ఇది చప్పుడు లేకుండా వస్తోంది. మా ఆయన ఆగితే ఆగుతోంది. కదిలితే కదులుతోంది.

"జల్ది బయటికి రా," అన్నాను.

"పుష్పా... ఎవరన్న వచ్చిండ్రా లోపలికి?"

"ఎవరు రాలే. నువ్వు రా!"

"వస్తున్న. గానీ... ఎటు నడిచినా చెరుకే ఉన్నదే."

అది వాకిలంత పట్టె. ఎటు తిరిగి నడిచినా బయట పడాలి. ఆయన నిశ్శబ్దం ఇటు తిరిగింది, అటు తిరిగింది. రెండోది తిన్నగా దగ్గరికొస్తోంది.

నేను గట్టు దిగి పరుగెత్తాను. పట్టె అంచున ఎవరో నా జబ్బ పట్టుకున్నారు. రాధాబాయి. చేతికి పిండి అంటుకుని ఉంది.

"పిల్లలున్నరా?" అని గుసగుసగా అడిగింది.

"ఒక్కతే బిడ్డ."

"అయితే పోకు."

ఎంత గింజుకున్నా వదల్లేదు. వెనక మగవాళ్ళు నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ కదల్లేదు. కాళ్ళు పట్టుకుంటానన్నాను. తలలు దించుకున్నారు.

రెండు నిశ్శబ్దాలూ కలిశాయి.

"పుష్పా..." అన్నాడు. అంతే.

లైటు ఆరిపోయింది.

ఒక్క క్షణం పట్టెలో ఏ పురుగూ అరవలేదు... తర్వాత అన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఎక్కడా ఖాళీ లేదు. లోపల మనిషన్నవాడే లేనట్టు.

ఆ రొదలోంచే ఆకులు తప్పించుకుని మా ఆయన బయటికి వచ్చాడు.

నవ్వుతున్నాడు. చొక్కా మీద గీత కూడా లేదు. నేను ఏడుస్తూ పోయి పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది. ఆయన నడిచొచ్చిన దారిలో కీచురాళ్ళు ఆగలేదు. ఆయన కాళ్ళ దగ్గర కూడా అరుస్తూనే ఉన్నాయి. చేతిలో సీసా నిండా కీచురాళ్ళు. అవీ అరుస్తున్నాయి.

"పద పోదాం," అన్నాడు. ఆటోలో ఆయన వెనక కూర్చుని ఇంటికి వచ్చాను. ఇంకేం చేయాలి?

తెల్లారగానే తోటకు పరుగెత్తాను. నా కళ్ళ ముందే ఆ పట్టె చివరి గడ దాకా కొట్టారు. ఏమీ లేదు. రాధాబాయి కొడవలి కింద పెట్టి అడిగింది, "ఆయన బయటికి వచ్చినప్పుడు... కీడే గప్ ఝాలే కా?" పురుగులు ఆగాయా అని.

లేదన్నాను. ఆమె నా మొహం చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా ఆయన చాలా మంచివాడు. చేపల మాట ఎత్తడు. మా అత్త హన్మవ్వ అయితే నా కొడుకు దారికొచ్చిండని వాడకట్టంతా చెప్పుకుంటోంది. ఆమెకు నేనేం చెప్పను? చెబితే నన్నే డిచ్‌పల్లి అవతల ఏ బాబా దగ్గరికో తీసుకుపోతారు. సీసా గూట్లోనే ఉంది. మేత లేదు, నీళ్ళు లేవు. అయినా అవి చావడం లేదు. నేను దగ్గరికి పోయినా, పారేయబోయినా అరుపు ఆపవు.

నిన్న అందరం పడుకున్నాం. మా ఇంటి వెనక పసుపు చేనుంది. దూరంగా దాని అవతలి గట్టున కీచురాళ్ళు ఆగిపోవడం విన్నాను. ఆ నిశ్శబ్దం చేనులో తడబడుతూ, దారి వెతుక్కుంటూ దగ్గరికొచ్చింది. పెరటి గోడ దాటింది. తలుపు దగ్గర ఆగింది.

టక్ టక్.

గోటితో కొట్టిన చప్పుడు. అది నాకు తెలుసు. ప్రాణం లేచొచ్చింది. లేచి గడియ మీద చేయి వేశాను.

"తియ్యకు," అన్నాడు వెనక నుంచి.

తిరిగి చూశాను. నిఖిత ఆయన చేయి మీద తల పెట్టి నిద్రపోతోంది. ఆయన రెండో చేయి దాని మెడ మీద ఉంది. నవ్వుతూనే ఉన్నాడు.

టక్ టక్... మళ్ళీ.

గడియ మీది నుంచి చేయి తీసేశాను. గోడకు ఆనుకుని, నోరు నొక్కుకుని ఏడ్చాను.

గూట్లో సీసా వైపు చూశాను. అన్ని రోజులుగా ఆగకుండా అరిచిన ఆ కీచురాళ్ళు నోరు మూసుకుని ఉన్నాయి.